మడ్డితొట్టి నోటి దగ్గర

"మరిదిగారూ!"

"ఉన్నా వదినా!"

రెండు నిమిషాలకోసారి పిలవడం, బదులు వినడం, పలక మీద గీత గీయడం. పిండి ఫ్యాక్టరీలో పులిసిన మడ్డి చేరి విషవాయువు పుట్టే తొట్టి నోటి దగ్గర, ఇనుప స్టూలు మీద కూర్చుని పదకొండేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే. తను లోపలికి దిగకూడదు, లోపల ఎవరైనా పడిపోతే ఇంకొకరిని దిగనివ్వకూడదు. "కూర్చుని తినే ఉద్యోగం" అని తోటివాళ్లు ఆటపట్టించేవారు. ఆమెకు నవ్వొచ్చేది కాదు. ఆమె అన్న ఈ తొట్టిలోనే, పడిపోయిన మనిషిని తెస్తానని దిగి తిరిగి రాలేదు.

ఆ ఉదయం లోపలికి గాలి కొట్టే ఫ్యాను లేదు. పక్క షెడ్డుకు పట్టుకుపోయారు.

"ఫ్యాను లేకుండా దిగడానికి అనుమతి చీటీ మీద సంతకం పెట్టనండీ," అంది.

"పావుగంట పనమ్మా. లైను ఆగితే పైవాళ్లు నన్ను బతకనివ్వరు," అన్నాడు సూపర్‌వైజరు.

మరిది అప్పటికే నడుముకు తాడు బిగించాడు. "పెట్టెయ్ వదినా. నీ కేకల గాలే లోపలికి చాలదూ!"

బకెట్లు లాగే ఆమె భర్త పకపకా నవ్వాడు. ఆమె సంతకం పెట్టింది.

ఏడో గీత తర్వాత పిలిస్తే బదులు లేదు. మళ్లీ పిలిచింది. తాడు లాగితే వట్టి కొస చేతికొచ్చింది. పైపుకు చిక్కుకుంటోందని లోపల విప్పేసుకున్నట్టున్నాడు.

భర్త నిచ్చెన వైపు పరుగెత్తాడు. ఆమె గంట నొక్కి, తొట్టి నోటికి అడ్డంగా కూర్చుంది.

"లే! వాడు నా తమ్ముడే!"

"నన్ను చంపి దిగు."

అతను జుట్టు పట్టి లాగాడు. వీపు మీద గుద్దాడు. "నీ రక్తమైతే ఇలా కూర్చుంటావా?"

ఆమె కాపురానికొచ్చేనాటికి మరిదికి తొమ్మిదేళ్లు. ముద్దలు కలిపి పెట్టి పెంచింది ఆమే. తల వంచి తొట్టిలోకే పిలిచింది. "నాన్నా... పలకరా." గంట విని పరుగెత్తుకొచ్చిన నలుగురు భర్తను పట్టి ఆపారు.

ముసుగులు, గాలి సిలిండర్లు ఉన్నవాళ్లు వచ్చేసరికి అరగంట దాటింది. పైకి తెచ్చి పడుకోబెట్టాక, వాళ్లలో పెద్దవాడు చేత్తో మరిది కళ్లు మూశాడు. భర్త స్ట్రెచర్ వెంట వెళ్లిపోయాడు, ఆమె వైపు చూడకుండా.

"ఫ్యాను నడుస్తోందని రాయమ్మా," అన్నాడు సూపర్‌వైజరు గొంతు తగ్గించి.

ఆమె చీటీ అందుకుంది. తన సంతకం కింద రాసింది: 'ఫ్యాను లేదు. నాకు తెలుసు.'

రెయిలింగు మీద మరిది విప్పి ఆరేసిన చొక్కా గాలికి కదులుతోంది. జేబులోంచి, పళ్లు రెండు విరిగిన దువ్వెన సగం బయటికొచ్చి ఉంది.