సగం తాగిన కప్పు

నేను ఒక పిడిలేని కాఫీ కప్పుని. హెబ్రోన్ పట్నంలో ఒక కుమ్మరి చేతుల్లో పుట్టాను. ఒకే ఆవంలో కాలిన ఆరుగురం అక్కచెల్లెళ్లం. కొండ ఊళ్లో ఆలివ్ చెట్లు, వంగ మడులు చూసుకునే సలీం అనే రైతు మమ్మల్ని కొని తెచ్చుకున్నాడు. తర్వాత ఒకసారి సైనికులు సోదాకి వచ్చి అల్మరాని తలకిందులు చేశారు. మిగతా అందరూ పెంకులైపోయారు, నేను పరుపు మీద పడి బతికాను. మనుషులు తగువు తీర్చుకునే పద్ధతుల్లో అదొకటి. రెండోది పెద్ద బల్లల చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడం. అందులో కప్పులు పగలవు గానీ కాఫీ మాత్రం తెగ ఖర్చవుతుందట.

మా ఊళ్లో ఇంకో పద్ధతి ఉంది. ఏదైనా అడగడానికి వచ్చిన అతిథి, ఇచ్చిన కాఫీ తాగడు. కప్పు నేల మీద పెట్టి కూర్చుంటాడు. ఇంటాయన "తాగండి, మీ మాట నెరవేరినట్టే" అన్నాకే దాన్ని ముట్టుకుంటాడు. పెళ్లిసంబంధాల నుంచి హత్యల పగల దాకా నా ఎదుటే తేలాయి.

తేలనిదల్లా ఊట సంగతి. సలీం మడులకి నీళ్లిచ్చే ఊట, కొండ మీది యూదుల కాలనీ వేసుకున్న కంచెలో పడిపోయింది. గేటు పెట్టి తాళం వేశారు. ఇటునుంచి రాళ్లు, అటునుంచి తూటాలు. సలీం చిన్నకొడుకు అలాగే పోయాడు. కాలనీలో ఉండే యెహియేల్ అనే ముసలాయన కూతురు బస్సులో బాంబు పేలి పోయింది. సలీం పెద్దకొడుకు రమ్జీకి మాటల మీద నమ్మకం లేదు. "మాటలకి తెరుచుకునే గేటైతే ఎప్పుడో తెరుచుకునేది" అనేవాడు. అందులో అబద్ధమేం లేదు.

ఒక మధ్యాహ్నం యెహియేల్ ఒంటరిగా మా గడప తొక్కాడు. వాళ్లమ్మది బాగ్దాద్ కాబట్టి అరబ్బీ వచ్చు. తమ దారిలో రాళ్లు పడకుండా చూడమని అడగడానికొచ్చాడు. భాషైతే తెలుసు గానీ మా మర్యాద తెలియదు పాపం. కొండ దిగొచ్చిన దాహం కూడానేమో, ఇచ్చిన కప్పు గుటుక్కున ఖాళీ చేసేశాడు. ముందే తాగాడంటే అడగాల్సిందేమీ లేదని అర్థం.

"ఈయనకి అడగడానికేం లేదట బాబా, పంపించెయ్" అన్నాడు రమ్జీ తండ్రితో.

నేను సలీం చేతిలో ఉన్నాను. నన్ను పెదాల దాకా తెచ్చినవాడు ఆగాడు. మెల్లగా నేల మీద పెట్టాడు.

"మీ కప్పు ఖాళీ అయిపోయింది. ఇక అడిగే వంతు నాది. ఊట గేటు తెరిపించండి" అన్నాడు.

తన ఇంట్లో, తన చాప మీద, ఇంటాయనే అడిగేవాడై కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. కొడుకుని మట్టిలో పెట్టినవాడు, అవతలి మనిషి పరువు పోకుండా తన తల దించుకున్నాడు. మనుషులంటే నాకున్న వెటకారమంతా ఆ క్షణంలో ఎటు పోయిందో తెలియదు.

మా మర్యాద ఏమిటో సలీం విడమర్చి చెప్పాక యెహియేల్ ముఖం సిగ్గుతో ఎర్రబడింది. తన ఖాళీ కప్పుని పక్కకి జరిపి చెప్పాడు.

"తాళంచెవి సైన్యం దగ్గరుంది. తెరిపిస్తానంటే అది అబద్ధమవుతుంది. రేపు పొద్దున వచ్చి మీతోపాటు ఆ గేటు ముందు నిలబడతాను. నా చేతిలో ఉన్నది అంతే."

సలీం నన్నెత్తి సగం తాగి, మళ్లీ కింద పెట్టాడు. "సగం మాటకి సగం కాఫీ" అన్నాడు.

మర్నాడు నిజంగానే నిలబడ్డారు. కొన్నాళ్లకి గేటు తెరిచారు. ఎక్కడో ఏదో పేలగానే మళ్లీ మూసేశారు. ఇద్దరు ముసలాళ్లూ మాత్రం వారం వారం వెళ్లి నిలబడుతూనే ఉన్నారు. నన్ను కడగనివ్వకుండా సలీం గూట్లో దాచుకున్నాడు. మిగిలిన సగం నాలోనే ఎండి నల్లటి మరకైంది. అది తాగకుండానే ఆయన పోయాడు.

సంతాపం రోజులు ముగిశాక రమ్జీ నన్ను కిందికి దించాడు. గోడకేసి కొడతాడనే అనుకున్నాను. మరకని వేలితో తడిమాడు, తలగుడ్డలో చుట్టి కొండెక్కించాడు. గేటు ముందు యెహియేల్ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

రమ్జీ ఫ్లాస్కు తీసి నన్ను నింపాడు. ఇద్దరి మధ్య రాతి మీద పెట్టి, తాగకుండా కూర్చున్నాడు.

"తాళంచెవి ఇప్పటికీ నా దగ్గర లేదు బాబూ" అన్నాడు యెహియేల్.

"తెలుసు. కూర్చోండి."

ముసలాయన మోకాలు పట్టుకుని పక్కనే కూలబడ్డాడు. నాలో కాఫీ చల్లారిపోయింది. ఇద్దరూ లేవలేదు.