తీగ కాల్చిన పొయ్యి

జగ్గమ్మ టిఫిన్ క్యారేజీని రూబీ గడప మీద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. పోలీస్ స్టేషన్ నుంచి ఎండలో నడిచొచ్చింది. మొగుడికి పట్టుకెళ్లిన అన్నం అలాగే ఉంది.

"తిన్లేదే రూబీ. దవడ వాసిపోనాది. నోరు తెరవలేకపోతన్నాడు."

ఆమె భర్త కూర్మయ్య జూట్‌మిల్లు వాచ్‌మన్. మిల్లు మూతపడ్డాక కూడా, ఎప్పటికైనా తెరుస్తారనీ ఆగిన జీతాలిస్తారనీ గేటు దగ్గరే పడుకునేవాడు. తెరవలేదు. యజమాని యంత్రాలను లారీలకెక్కించి అమ్ముకున్నాడు. ఆవరణలో ప్లాట్ల రాళ్లు పాతిస్తున్నాడు. షెడ్లలో మిగిలిన రాగి కేబుళ్లు పోయాయని యజమాని పోలీసులకి ఫిర్యాదు చేస్తే, తాళాలు ఎవరి దగ్గరున్నాయో అతన్నే పట్టుకెళ్లారు.

రూబీ మంచినీళ్లు తెచ్చిచ్చింది. పొయ్యి వైపు చూడకుండా తెచ్చింది.

"మీ ఆయన బెన్హరు మా ఆయన్తో కల్సి పన్జేసినోడే కదా. ఇద్దరూ టేసన్కొచ్చి మా ఆయన దొంగ కాడని ఒక్క ముక్క సెప్పండే. మీ కిరస్తానపోళ్లు అబద్దమాడరని ఎస్సైకీ తెల్సు."

"సెప్తానొదినా. ఆయన్ని రానీ."

జగ్గమ్మ గ్లాసు కింద పెట్టి చుట్టూ చూసింది. "ఏటే ఈ వాసన? టైర్లు గాని కాల్సినారేటి?"

"పాత సెత్త కాల్సినాను."

"ఈ ముక్కొకటి బాగా పన్జేస్తాది నాకు. మా ఆయన తాగొస్తే వీధి సివర్నుంచే పట్టేసీదాన్ని." నవ్వబోయింది. నవ్వు రాలేదు. క్యారేజీ తీసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం బెన్హర్ కాళ్లకు మట్టితో వచ్చాడు. పదహారేళ్లు మగ్గం నడిపిన ఆవరణలోనే ఇప్పుడు రోజుకూలీకి ప్లాట్ల రాళ్లు మోస్తున్నాడు. రూబీ జరిగింది చెప్పింది.

"ఏటి సెప్పమంటావు? నేనే తీసినానని సెప్పీనా?"

"ఆయన దవడ వాసిపోనాదంట."

"మన జీతాలు మింగేసినోడి రాగి అది. నీ సేత్తోనే కాల్సినావు. అది అమ్మి తెచ్చిన బియ్యం నువ్వూ తిన్నావు."

అది నిజమే. తీగ మీది ప్లాస్టిక్ కరిగేదాకా ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చున్నది తనే. యజమాని సొమ్మే కదా అనుకుంది. ఆ తీగకీ యజమానికీ మధ్య కాపలా మనిషి ఒకడుంటాడని తనకు తట్టలేదు.

మర్నాడు చర్చిలో ప్రభువు బల్ల, ఏసు పేరిట రొట్టె పంచుకునే ఆరాధన. మనసులో తప్పు దాచుకున్నవారు రొట్టె ముట్టకూడదని పాస్టరుగారు ఎప్పటిలాగే చదివారు. ముట్టని మనిషిని ఆరాధన అయ్యాక సంఘం ముందు నిలబెట్టి కారణం అడుగుతారు. అందుకే ఏమున్నా అందరూ తీసుకుంటారు.

బెన్హర్ డీకను, ఆరాధనలో పాస్టరుగారికి సాయపడే సంఘపెద్ద. తెల్ల చొక్కా వేసుకుని, అందరూ పాడుతుండగా రొట్టె ముక్కల పళ్లెం వరసవరసకీ అందిస్తున్నాడు. పొద్దున్న గోళ్లు సబ్బుతో రెండుసార్లు రుద్దుకోవడం రూబీ చూసింది. ఆమె ముందుకొచ్చి ఆగాడు.

రూబీ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"తీసుకో," అన్నాడు పెదవులు కదలకుండా.

ఆమె తల వంచుకుంది. చేతులు తీయలేదు.

పక్కన కూర్చున్న పాస్టరుగారి భార్య సత్యవతి మెల్లగా వంగింది. "ఒంట్లో బాగోలేదేటమ్మా?"

అవునంటే సరిపోయేది. సత్యవతి ముఖంలో ఆ జవాబు అప్పటికే సిద్ధంగా ఉంది. రూబీకి జగ్గమ్మ తిరిగి పట్టుకెళ్లిన క్యారేజీ గుర్తొచ్చింది.

"బానే ఉన్నానండమ్మగారూ," అంది, ముందు వరసకి కూడా వినపడేలా.

పాడుతున్నవాళ్ల గొంతులు ఒక్కొక్కటే తగ్గాయి. తలలు ఇటు తిరిగాయి. బెన్హర్ పళ్లెం పక్క మనిషికి అందించాలి. అందించలేదు.