తడి గోనె

సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే రాజేశం శనివారం సాయంత్రం బస్సుకు కోరుట్లలోని ఇంటికి వచ్చాడు. ఆదివారం కోడికూర తిని నాలుగింటిదాకా గుర్రుపెట్టి నిద్రపోయాడు. లేచి ఒళ్లు విరుచుకుంటూ భార్య లస్మక్కతో, "పాణం అల్కగైంది. నువ్వు గూడ జర పండుకోరాదే, రేపటిసంది మళ్ల బీడీలేనాయె," అన్నాడు.

లస్మక్క పొద్దుటి నుంచీ అతని వారం బట్టలు ఉతికింది, వారానికి సరిపడా తొక్కు నూరి డబ్బాకెత్తింది. ఇప్పుడు బీడీలు చుట్టడానికి నానబెట్టిన తునికాకును నీళ్లలోంచి తీసి, పసిబిడ్డను పొత్తిళ్లలో చుట్టినట్టు తడి గోనెలో చుడుతోంది.

"ఇప్పుడే కత్తిరించి పెట్టుకోరాదు? రేపు తిప్పలుండదు," అన్నాడు రాజేశం.

"ఆకు రాత్రంతా తడిల పండుకోవాలె. లేకుంటే చుట్టంగనే పలుగుతది."

రాజేశం పకపకా నవ్వాడు. "ఆకుకు గూడ ఐతారం సెలవేనానే?"

లస్మక్క నెర్రెలిచ్చిన వేళ్లను కొంగుకు తుడుచుకుంది. "పలిగిన ఆకుతోటి చుడితే కార్ఖానల బీడీ పారేస్తరు. పలిగిన ఏళ్లతోటి చుడితే ఎవ్వలేమంటరు?"

రాజేశం నవ్వు ఆగింది. గోడవైపు తిరిగి మళ్లీ పడుకున్నాడు. పాపం, తెల్లారి బస్సుంది. మనిషన్నాక కాస్త విశ్రాంతి కావాలి కదా!