కిరణాలకు కొసరు లేదు

చికిత్స మొదలయ్యేనాటికి గూడూరు నిమ్మకాయల వ్యాపారి పోలేరయ్య చేతిలో ఉన్నవి ఇవి: క్యాన్సరొచ్చి ప్రోస్టేట్ గ్రంథి తీసేసిన కుట్టు, తీసేశాక కూడా పెరుగుతున్న పీఎస్ఏ అంకె, అంటే రోగం ఇంకా ఉందని చెప్పే రక్తపరీక్ష అంకె ఉన్న కాగితం, అడపాదడపా తడిసే పంచె. ఆయన దిగులంతా మూడోదాని మీదే. వేలంపాటలో రెండు గంటలు కదలకుండా కూర్చోలేనివాడికి మంచి సరుకు దక్కదు.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు రేవతి కొత్తరకం స్కాన్ తీయించింది. గ్రంథి ఉండిన చోట శనగగింజంత మెరుపు కనిపించింది. రేడియేషన్ కిరణాల గురి అక్కడే పెడతామనీ, పక్కనున్న మూత్రసంచినీ పేగునూ కాపాడతామనీ చెప్పింది. రోజూ సరిగ్గా అరలీటరు నీళ్లు తాగి, కాసేపాగి బల్లెక్కాలి. మూత్రసంచి ప్రతిరోజూ ఒకే కొలతకు నిండితేనే గురి కుదురుతుంది.

పోలేరయ్య కొలత ఏనాడూ కొలత దగ్గర ఆగింది కాదు. రైతు సరుకు తూకమయ్యాక బస్తాకు పది కాయలు కొసరు ఏరుకోకపోతే ఆయనకు కొన్నట్టే ఉండదు. అందుకే మొదటిరోజు అరలీటరు మీద ఇంకో సీసా పట్టించాడు. బల్లమీద బొమ్మ తీసి చూసిన టెక్నీషియన్, కొలత కలవలేదని దించి బాత్రూముకు పంపాడు. అక్కడికి చేరేలోపే పంచె తడిసింది.

పంచె మార్చుకుని బేరానికి కూర్చున్నాడు.

"డాక్టరమ్మా, ఎట్టాగూ కాలస్తా ఉండారు గదా. చుట్టూ రెండు వేళ్ల మందం కొసరు ఏసెయ్యండి. కొసరుతో ఎవురికి నష్టం?"

"ఆ కొసరు పడేది మీ మూత్రసంచి మీదే. ఇప్పుడు అప్పుడప్పుడూ తడిసేది, ఇంక పొద్దస్తమానం తడస్తాది. ఇక నష్టం ఎవురికంటారా, మా నాయన్ని అడగండి. వెంకటాచలం ఊరి ఓబులేసు. ఇరవై ఏళ్లుగా మీ మండీకే కాయలు తోలతా ఉండాడు."

పోలేరయ్య మర్నాటి నుంచి సీసా మీద గీత గీసుకుని, చుక్క ఎక్కువ కాకుండా తాగాడు. బల్లమీద ఊపిరి కూడా కొలిచినట్టే పీల్చాడు. ఈ అమ్మాయి ఇరవై ఏళ్ల కాయలూ ఇక్కడే రాబట్టుకుంటే ఎవరికి చెప్పుకోవాలి?

రాబట్టుకోలేదు. ముప్పైమూడు సిట్టింగులూ గురి తప్పకుండా ముగిశాయి.

ఆర్నెల్ల తర్వాత చూసుకుంటే, పీఎస్ఏ దాదాపు సున్నాకు దిగింది. డాక్టరు నేర్పిన కసరత్తు కూడా కలిసొచ్చి, వేలంలో రెండు గంటలు పొడిగా కూర్చోగలుగుతున్నాడు. పోయింది ఓబులేసు బస్తాల మీద కొసరు. మిగిలిన రైతుల పిల్లలు ఏం చదువుతున్నారో పోలేరయ్య ఒక్కొక్కరినీ ఆరా తీశాడు. ఒకరి కూతురు మెడిసిన్ సీటుకు కోచింగ్ తీసుకుంటోందట. సీటొచ్చేదాకా ఆ రైతు దగ్గర కొసరు బస్తాకు ఐదే.