ఎన్‌ఫీల్డ్ ముద్రలో కుంకుమ

నర్సయ్యకు తుపాకులంటే విసుగు పుట్టి చాలా కాలమైంది. ఠాణాలో ఆయుధాలు చూసుకునే హెడ్ కానిస్టేబుల్ ఆయన. ఎక్కడ ఏ తుపాకీ పట్టుబడినా, దాని మీది ముద్ర చూసి ఎక్కడ తయారైందో రాసివ్వాలి. నక్సలైట్ల రోజులు కదా, ఆ దిక్కుమాలిన పనికి కొదవలేదు.

ఆ పొద్దున ఎస్సై ఒక పాత త్రీనాట్‌త్రీ తుపాకీని బల్ల మీద పెట్టాడు. "సిరిసిల్లల బట్ట నేసే సాంచెలు నడిపే ఆనందం ఇంట్ల మొన్న దొరికింది. అన్నల కోసం దాచిండు. ముద్ర చూసి రాయి, కోర్టుకు పంపాలె."

ఆనందం లాకప్‌లో ఉన్నాడు. ముస్తాబాద్ నుంచి వచ్చిన అతని తల్లి శంకరవ్వ గేటు దగ్గర కూర్చుంది. ఈ తుపాకీ అతనిదని తేలితే ఇక ఏళ్ల తరబడి జైలే.

నర్సయ్య బోల్టు పిడి కింది ఇనుప పట్టీని తుడిచాడు. కిరీటం బొమ్మ, దాని కింద ఎన్‌ఫీల్డ్ అన్న ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. అక్షరాల సందుల్లో ఎర్రగా ఏదో ఇరుక్కుని ఉంది. తుప్పనుకుని గోటితో గీకాడు. కుంకుమ!

ఆయన ప్రాణం ఉసూరుమంది. దసరాకు ఠాణాలో ఆయుధపూజ చేసింది ఆయనే. అన్నలు ఎత్తుకుపోతారన్న భయంతో కోరుట్ల వైపు దొర నర్సింగ్ రావు తన తాతల నాటి ఈ తుపాకీని ఠాణాలో అప్పగించి హైదరాబాద్ వెళ్లిపోయాడు. మళ్లీ అడిగిన పాపాన పోలేదు. పరాయిదైతేనేం, పండగపూట బోసిగా ఎందుకుండాలని సర్కారు తుపాకులతో పాటు దానికీ బొట్టు పెట్టాడు నర్సయ్య. ఆ చాదస్తమే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

"సార్, గిది దసరాకు మన బీరువాలనే ఉండె. నేను బొట్టు వెట్టిన తుపాకి."

"గదంత నీకెందుకు నర్సయ్యా? తుడిచి, ముద్ర ఒక్కటే రాయి."

"నాతోని కాదు సార్."

ఎస్సై అరవలేదు. గుడ్డ మీద కిరసనాయిలు ఒంపుకుని తనే రుద్దాడు. కుంకుమ ఆనవాలు లేకుండా పోయింది. "నువ్వు గాకపోతే ఇంకొకడు రాస్తడు. నువ్వు మాత్రం అడవి పక్క ఔట్‌పోస్టుకు పోతవు."

నర్సయ్యకు కోపం రావడానికి కూడా ఓపిక లేదు. చేతులు కడుక్కుని బయటికి నడిచాడు. శంకరవ్వ గబుక్కున లేచింది.

"సారూ, గా తుపాకి మా పోరనిదేనా?"

వెనక గుమ్మంలో ఎస్సై నిలబడి వింటున్నాడు. నర్సయ్యకు భయమేసింది. అయినా గొంతు తగ్గించలేదు.

"కాదవ్వా. గది మా ఠాణాల తుపాకే. వకీలుతోని చెప్పు, నేనచ్చి కోర్టుల చెప్త. నా పేరు నర్సయ్య."