రెండు పక్కల సంచి

“సైకిలుకు పెద్ద బుట్ట ఒకటి బిగించుకుంటే పోయేదానికి ఇంత రాద్ధాంతం దేనికి?” అన్నాడు భర్త, అద్దంలో తల దువ్వుకుంటూ. ఆమె బకెట్టు ముందు కూర్చుని తెల్ల చొక్కా కాలరు మీద పడ్డ నూనె మరకను సబ్బుతో రుద్దుతోంది. బడిపిల్లల చొక్కాలవి, మొత్తం ఆరు. కుట్టింది తను, ఇస్త్రీ చేసింది తను, సైకిలు మీద యూనిఫారాల దుకాణానికి తీసుకెళ్లిందీ తనే. హ్యాండిలుకు ఒక పక్క చొక్కాల సంచి, ఇంకో పక్క భర్త మధ్యాహ్న భోజనం, మూడు గిన్నెల క్యారేజీ. నిన్న చక్రం గుంటలో పడగానే క్యారేజీ ఊగి, పై గిన్నెలోంచి కూర చిమ్మింది. దుకాణం ఆవిడ ఒక్కో చొక్కా విప్పి చూసి, మళ్లీ మడతపెట్టి, గొంతు పెంచకుండానే చెప్పింది. “నీ కుట్టుకి వంక పెట్టలేను తల్లీ. కానీ ఇంకొక్కసారి కూర వాసన వచ్చిందంటే నేను వేరే మనిషిని చూసుకోవాలి.”

ఆ పని పోకూడదు. ఇంట్లో ఆమెకు పనికేం కరువు లేదు, తెల్లారితే పనే. కానీ చేసిన పనిని ఒక మనిషి విప్పి, వెలుతురులో పట్టుకుని చూసి, బాగుందనేది ఆ దుకాణంలో ఒక్కచోటే. ఇంట్లో అన్నం మాడిన రోజున తప్ప అన్నం సంగతి ఎవరూ ఎత్తరు.

పెద్ద బుట్ట అనగానే ఇంటిల్లిపాదికీ హుషారొచ్చింది. ఎలాగూ బుట్ట ఉంటుంది కనక తన మందులు తెచ్చిపెట్టవచ్చునంది అత్తగారు. ఎలాగూ అటే వెళ్తుంది కనక వచ్చేటప్పుడు పిండి ఆడించుకు రావచ్చునంది. ఎలాగూ మిల్లు దాకా వెళ్తుంది కనక ఆ పక్క వీధిలోని ఆడబిడ్డ ఇంటి నుంచి గిన్నెలు వెనక్కి తేవచ్చునంది. ఇంకా కొనని బుట్ట అప్పుడే సగం నిండిపోయింది. భర్త ప్రెస్సులో మిషను నడుపుతాడు. వంట పొద్దున ఎనిమిదికే అయిపోయినా క్యారేజీ తను పట్టుకెళ్లడు. స్కూటరుకు క్యారేజీ తగిలించుకుని వెళ్తే ప్రెస్సులో నలుగురూ నవ్వుతారట. అదే క్యారేజీ సైకిలుకు తగిలించుకుని ఆమె వెళ్తే ఎవరూ నవ్వరట.

ఆ వారమంతా ఆమె కళ్లు రోడ్డు మీద మనుషుల్ని వదిలేసి సైకిళ్ల వెంట పడ్డాయి. ఇన్నేళ్లుగా అదే రోడ్డు మీద తొక్కుతున్నా, ఎవరు దేంట్లో ఏం మోస్తున్నారో ఎన్నడూ చూడలేదు. పాలాయన డబ్బాలు వెనక చక్రానికి అటూ ఇటూ సమానంగా వేలాడుతాయి, అందుకే ఆయన చెయ్యి వదిలి బీడీ కూడా ముట్టించుకుంటాడు. పంతులమ్మ ముందు బుట్టలో ఒక్క గొడుగే ఉంటుంది, ఇంకేమీ ఉండదు. అంత ఖాళీ బుట్టతో ఒక ఆడమనిషి అంత నెమ్మదిగా ఎలా తొక్కగలుగుతోందా అని ఆమె మలుపు దాకా తల తిప్పి చూసి, ఎదురుగా వస్తున్న తోపుడుబండిని కొద్దిలో తప్పించుకుంది.

శనివారం సైకిళ్ల షాపుకు వెళ్లింది. షాపు తాత వరసగా చూపించాడు. తీగ బుట్టలో చిన్నవి జారిపోతాయి. వెదురుది వానకు ఉబ్బుతుంది. ముందు బుట్ట ఏదైనా సరే, బరువెక్కితే హ్యాండిలు నీ మాట వినదు, బరువు మాటే వింటుందన్నాడు. వెనక సీటుకు రెండు పక్కలా వేలాడే సంచులైతే బండి తూగదు, కానీ మడమ తగులుతుంది. “ఎంత తగులుతుంది?” అని ఆమె సైకిలెక్కి కూర్చుని, మెడలోని టేపు తీసి మడమకూ సంచికీ మధ్య దూరం కొలిచింది. సంచి ముందు మూల ఏటవాలుగా ఎందుకు కత్తిరించారో అప్పుడు అర్థమైంది. చక్రం చువ్వల్లోకి పోకుండా లోపల అట్ట పెట్టారని తడిమి తెలుసుకుంది. లోపలి కుట్టు రెండు వరసలు.

“ఇంతకీ ఏం మోస్తావమ్మా?” అన్నాడు తాత.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. క్యారేజీ, మందులు, పిండి, ఆడబిడ్డ గిన్నెలు, కూరగాయలు. అన్నీ అయ్యాక, గుర్తొచ్చినట్టు, చొక్కాలంది. తాత లోపలికి వెళ్లి షాపులోకెల్లా పెద్ద బుట్ట తెచ్చి ఆమె ముందు పెట్టాడు. “అయితే ఇదే తీసుకో. సంసారం మొత్తం పడుతుంది.”

ఆమె ఆ బుట్టలోకి వంగి చూసింది. ఇంట్లో చిన్న బకెట్టు ఉన్నప్పుడు ఒక బకెట్టు బట్టలే ఉండేవి. పెద్ద టబ్బు కొన్నాక మరిది బట్టలు కూడా వచ్చి చేరాయి. పెద్ద కుక్కరు వచ్చాక ఆదివారం చుట్టాలొచ్చారు. కొన్న ప్రతి పెద్దదీ ఆమె పని తగ్గించడానికే కొన్నారు. ఏ ఒక్కటీ ఖాళీగా ఉండలేదు. మరి చిన్నది కొంటే ఏమవుతుంది? ఇన్నేళ్లలో ఎవరూ చేసి చూడలేదే.

బుట్ట పక్కన పెట్టి, నాలుగు కొక్కేలూ రెండు పట్టీలూ మాత్రం ఇమ్మంది. “చూసి వెళ్లి కుట్టుకుంటావన్నమాట. నా కడుపు కొట్టావు కదమ్మా” అని నవ్వాడు తాత. ఆమె కూడా నవ్వింది.

ఆదివారం మధ్యాహ్నం మందపాటి గుడ్డ పరిచి కూర్చుంది. మడతపెట్టిన చొక్కాలు కొలిచింది, తన కత్తెర డబ్బా కొలిచింది. వంటింట్లోకి వెళ్లి క్యారేజీ చుట్టూ టేపు తిప్పింది, ఎత్తు చూసింది. కాగితం మీద ఏదో రాసుకుని, కొట్టేసి, మళ్లీ రాసింది. అది చూసి అత్తగారు, “ఆ మాత్రం కొలుచుకుని చేసుకుంటే గొడవే లేదు అమ్మాయ్” అని మెచ్చుకుంది.

సోమవారం పొద్దున సైకిలుకు రెండు పక్కలా నీలం సంచులు వేలాడుతున్నాయి. భర్త చుట్టూ తిరిగి చూసి, రెడీమేడులా ఉందని ఒప్పుకున్నాడు. క్యారేజీ తెచ్చి కుడి సంచిలో దించబోయాడు. దిగలేదు. పక్కకు వంచి చూశాడు, దిగలేదు. ఎడమ సంచిలోనూ అంతే. స్కూటరు తాళం నోట కరుచుకుని రెండు చేతులతో నొక్కినా, కుట్టు కదల్లేదు.

“కొలత తప్పావు” అన్నాడు, తాళం చేతిలోకి తీసుకుని. ఆమె ఎప్పుడూ కొలత తప్పదు కనక అతని గొంతులో కాస్త సంతోషం కూడా ఉంది. “రెండంగుళాలు తక్కువ పెట్టావు.”

ఆమె చొక్కాలు సంచిలో సర్దుకుని పట్టీ బిగించింది.

“తప్పలేదండీ. క్యారేజీ కొలిచాకే రెండంగుళాలు తగ్గించాను.”