కడపటి మగ్గపుగుంత

వైశాఖమాసావసానమున నొకనాటి యపరాహ్ణవేళ ప్రచండమార్తాండకిరణసంతప్తమైన మందారగిరి సంస్థానభూమి వానచినుకునకై నోరు తెఱచిన పక్షిపిల్లవలె బీటలువాఱి యుండెను. కొండపాదమునుండి నూలివీడను నూరివఱకు నాలుగుక్రోసుల మేర జలపూర్ణమై పాఱవలసిన పెద్దకాలువ పూడికతో నిండి తుమ్మమొక్కలకు నిలయమై మేకలకు బాటయై పడియుండెను. నూలివీటిలో నా కాలువగట్టున డెబ్బదియిండ్ల నేతవీధి గలదు. పూర్వ మా వీధిని నడచు బాటసారికి డెబ్బది మగ్గముల చప్పుడు తాటాకుకప్పుపై జడివాన కురిసినట్లు వినవచ్చుచుండెడిది. ఆనాడు వినవచ్చినది యొక్కటే మగ్గపు చప్పుడు. అది చౌడప్పది.

చౌడప్ప యఱువదియేండ్లు దాటిన దేవాంగుడు. పోగు తెగినను పెదవి కదపనివాడు. తాత త్రవ్విన గుంతలోనే తండ్రియు తండ్రి కూర్చున్న గుంతలోనే తానును కాళ్లు దించి తొక్కుడుపలకలు త్రొక్కుచు జీవితము వెళ్లబుచ్చినవాడు. నూలివీటి మగ్గములన్నియు నట్లు నేలలో త్రవ్విన గుంతలపై నమర్చినవే. అట్టి గుంతను పూడ్చుట కొక్కటే సందర్భము వారి యాచారమున గలదు. నేతగాడు వారసుడు లేక మరణించినచో పదునొకండవనాడు కులపెద్దలు వచ్చి గుంతలో పిడికెడు నూలు విడిచి మన్ను గప్పుదురు. బ్రతికియున్నవాని గుంత పూడ్చుట వానికి పిండము పెట్టుటయే.

అట్టి వీధిలో నఱువదితొమ్మిది గుంతలు బ్రతికియున్నవారి చేతులతోనే పూడెను. అది రెండేండ్ల కథ. వెనుకటి ప్రభువు ప్రతివేసవియందును వేయిమంది కూలీలను కూర్చి పెద్దకాలువ పూడిక తీయించి కూలి సగము ధాన్యముగాను సగము పంచెలుగాను ఇప్పించుచుండెను. ఆ పంచెలు నూలివీడునుండి కొనబడుచుండెను. గుంత కొక వరహా పన్ను నేతవారు సణుగక చెల్లించుచుండిరి. ఆ ప్రభువు పోయెను. కఱవు వచ్చెను. బొక్కసము పలుచబడెను. క్రొత్తగా వచ్చిన దివాను వ్యయము తగ్గింపవలయును ఆదాయము పెంపవలయునని యొక్క కలముపోటుతో కాలువపని నిలిపి పన్ను రెట్టింపు చేసెను. అంతటితో నిలువక వీధిమొత్తము మీద నూటనలువది వరహాలు కట్టి ఉన్న గుంతలవారే పంచుకొని చెల్లింపవలయునని శాసించెను.

కూలి లేదు గావున పంచెలు కొనువారు లేరైరి. కాలువ పూడెను గావున రైతు పండింపడయ్యెను. పండింపని రైతు బట్ట కొనడయ్యెను. ఆ యేటి చలికాలమున పదిమంది పన్ను తప్పించుకొన దలచి కన్నీరు గార్చుచు తమ గుంతలు పూడ్చుకొని పేడతో నలికి ముగ్గులు పెట్టిరి. వారి బరువు మిగిలిన యఱువదింటిపై బడెను. ఆ బరువునకు మఱి యిరువది పూడెను. ఇట్లొక్కొక్క గుంత పూడినప్పుడెల్ల దాని భారము ప్రక్కగుంతపై బడి దానిని పూడ్చెను. ఆనాటికి మిగిలినది చౌడప్ప గుంత. నూటనలువది వరహాల పన్నును దానిదే. సాయంకాలమునకు పన్ను వసూలుచేయు పారుపత్యదారు గుంతలు లెక్కింప వచ్చునని దండోరా పడియుండెను.

ఎదురింటి లింగప్ప చేత పాఱ పట్టుకొని వచ్చి గడపయొద్ద కూలబడెను.

"మామా, వీధి వీధియంతయు చచ్చినది. నీ వొక్కడవు బ్రతికి మా కందఱకు కర్మ చేయ దలచితివా యేమి?"

చౌడప్ప నేయుచునే యుండెను. పేకనూలు మోయు నాడె పడుగు నడుమ నటునిటు పోవుచుండెను.

"రెండు తట్టల మన్ను చాలును. నేనే పోసెదను. నీవు కన్నులు మూసికొనుము."

"నా కాళ్లు గుంతలో నున్నవి."

"తీయరాదా?"

"తీసి యెచట పెట్టుదును?"

వంటయింటినుండి చౌడప్ప భార్య బసమ్మ యనెను. "ఊరకుండుము లింగప్పా. ఆయన పెండ్లినాడును నాతో నింత మాటాడలేదు."

లింగప్ప నవ్వబోయి నవ్వలేకపోయెను. వీధిమొగమున గుఱ్ఱపుడెక్కల సవ్వడి యయ్యెను.

పారుపత్యదారు నరహరిపంతులు బక్కపలుచని దేహమువాడు. నేతవీధికి పదియేండ్లుగా తెలిసినవాడు. ఆయన వెంట ఇద్దఱు బంట్రోతులును పైయూళ్లలో వసూలైన సొమ్ము మోయు నొక కంచరగాడిదయు వచ్చెను. పంతులు ప్రతిగడపయందును దిగి చూచెను. ప్రతియింటను చదునైన నేలయు తెల్లని ముగ్గును గోడకు జేరవేసిన మగ్గపుకఱ్ఱలును కనబడెను. ఒక్కొక్క యిల్లు గడచుకొలది పంతులు నడక మందగించెను. కట్టకడపట చౌడప్ప గుమ్మమున నిలిచి యుత్తరీయముతో మొగము తుడుచుకొనెను.

"చౌడప్పా, ఉన్న గుంత నీది. సొమ్ము నూటనలువది. ప్రొద్దు గ్రుంకులోపల చెల్లింపకున్న మగ్గము విఱిచి గుంత పూడ్పింపుమని దివానుగారి యాజ్ఞ. పూడ్పింపక తిరిగి పోతినా నా కొలువు పోవును. నాకును నలుగురు పిల్లలు."

బంట్రోతొకడు పెరటిలోనుండి తట్టనిండ మన్ను తెచ్చి గుంత యంచున నిలిచెను. బసమ్మ వచ్చి గుంజను పట్టుకొనెను. పడమటి గవాక్షమున ప్రొద్దు జానెడు మాత్ర ముండెను.

చౌడప్ప లేవలేదు.

"అయ్యవారూ, ఒకపరి చిత్తగింపుడు."

అని కుడిచేత నాడె విసరెను. ఎడమచేయి యందుకొని తిరిగి విసరెను. అట్లు నాలుగుమారులు పోయి వచ్చుసరికి పంచె గోటియంత పెరిగెను. అయిదవమారు ఎడమచేయి నాడె నందుకొని పిడికిలి బిగించెను. చౌడప్ప కదలక కూర్చుండెను. మగ్గము నిలిచెను. ఆ వీధియందు పుట్టినవారెవ్వరును వినని నిశ్శబ్దమొకటి గడపదాటి లోనికి వచ్చెను. బంట్రోతు తట్ట యొరిగి రెండుగడ్డలు గుంతలో రాలెను. బసమ్మ కన్నులు మూసికొనెను.

"ఏల యాపితివి?" అని పంతులడిగెను.

"ఎడమచేయి పట్టుకొన్నది."

"విడిపింపుము."

"విడువదు. కుడిచేయి నింకొక నాడె విసరుమనుచున్నది."

"కుడిచేత లేదు గదా."

"లేదు. దానిని కొట్టినను లేదు."

పంతులు చాలసేపు ఆ పిడికిలివంక జూచెను. పిదప మెల్లగా ననెను. "పన్నే వలదందువా?"

"అననండి. కుడిచేయి విసరకున్నను బట్ట లేదు. మా తండ్రి పన్ను నిచ్చెను. నేనిచ్చితిని. పంచెల సొమ్మై తిరిగి వచ్చుచుండెను గనుక నిచ్చితిమి."

బంట్రోతు మన్నుతట్టతో పంతులవంక తిరిగి "ఆనతియా?" అనెను. పంతులు కుడిచేయి పైకెత్తెను. ఎత్తిన చేయి క్రిందికి రాలేదు. ఆయన గుమ్మమువెలుపలి కంచరగాడిదను జూచెను. ఎండిన కాలువను జూచెను. తన నలుగురు పిల్లలు మనసున మెదలిరేమో యొకసారి కన్నులు మూసి తెఱచెను.

"మన్ను పెరటిలో పోయుము. గాడిదమీది సొమ్ముసంచి దింపుము. వానకు మునుపు కాలువ త్రవ్వింపవలయును. త్రవ్వువారికి పంచెలు కావలయును. నా ముద్రతో వ్రాసియిచ్చెదను. చౌడప్పా, ఎన్ని నేయగలరు?"

చౌడప్ప పిడికిలి విడిచి యెదురింటివైపు జూచెను. లింగప్ప గడపయొద్ద లేడు. చౌడప్ప గుంతను పూడ్చుటకు తెచ్చిన యా పాఱతో నాతడు తన యింటి ముగ్గుమీద మొదటిపోటు వేయుచున్న చప్పుడు వినవచ్చెను. కొంతసేపటికి ప్రక్కయింటను వినవచ్చెను. ప్రొద్దు గ్రుంకునప్పటికి వీధి యా చప్పుడుతో నిండెను.

ఆర్ద్రకార్తెలో వానలు పడెను. పూడిక తీసిన కాలువ కొండనీటిని నూలివీటిపొలములకు దెచ్చెను. కార్తికమున రైతులు కొప్పెర నిండుగా వండుకొని పండుగకు బట్టలు కొనిరి. ప్రభుత్వపు సొమ్ము సెలవులేక వ్యయపఱచెనను నేరమునకు నరహరిపంతులు శ్రావణముననే కొలువు గోలుపోయి యుండెను. ఆయన స్థానమున వచ్చినవాడు మఱుసటియేట గుంతలు లెక్కించి పన్ను మూటగట్టి యిదియంతయు తన చుఱుకుదనముననే చేకూఱెనని దివానునకు వ్రాసికొనెను. దివాను మెచ్చుకొని కాలువపని యేటేట సాగింపుమనెను. పన్నును మునుపటివలె గుంత కొక వరహా చేసెను.

ఒకనాడు పంతులు కాలినడకను వచ్చి చౌడప్ప గడపమీద కూర్చుండెను. బసమ్మ మజ్జిగ తెచ్చెను. చౌడప్ప మగ్గమునుండి కోసిన క్రొత్తపంచెను మడతవేసి యాయన యొడిలో బెట్టెను. చాలసేపు వీధి చప్పుడు వినుచు కూర్చుండి పంతులడిగెను.

"ఇప్పుడు గుంత లెన్ని?"

"అఱువదియెనిమిది."

"తక్కిన రెండు?"

"ఆ యిండ్లవారు గుంతలు పూడ్చికొని ముందే వలసపోయిరి. ఎచట నున్నారో తెలియదు. గుంతలు మేమే తెఱచి యుంచితిమి."

పంతులు పోవునప్పుడు ఆ రెండిండ్ల గుమ్మముల లోనికి తొంగిచూచెను. త్రవ్విన గుంతలు నోళ్లు తెఱచి యుండెను. పూడ్చిన గుంతను త్రవ్వ నొక పూట చాలును. అందు దించవలసిన కాళ్లు తొలగిపోయిన పిదప ఆ కాళ్లను తిరిగి తెచ్చు శాసనము నేలిక యెవ్వడును వ్రాయజాలడు.